సారు సరే అన్నారు

జూన్ 12, గురువారం

బడులు ఈ రోజు తెరిచారు. పొద్దున పిల్లలు కొత్త బ్యాగులు తగిలించుకుని మా గల్లీలోంచి పోతుంటే సారు కిటికీ వైపు తల తిప్పి చూస్తూ ఉన్నారు. నేను జావ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను. చివరి పిల్ల మలుపు తిరిగే దాకా ఆయన జావకు నోరు తెరవలేదు.

ముందు తొర్రూరు బడిలో, తర్వాత ఈ మానుకోటలో, ఉద్యోగం అయిపోయే దాకా భౌతికశాస్త్రం చెప్పిన మనిషి. పెళ్లయినప్పటి నుంచి నేనూ ఆయనను సారు అనే పిలుస్తాను. ఎండాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. మాటల్లో రెండే మిగిలాయి. "ఆ" ఒకటి, "సరే" ఒకటి. బీపీ రోజూ రాసి పెట్టమని డాక్టరు గారు చెబితే ఈ డైరీ తీశాను. బీపీ రాశాక పేజీ అంతా ఖాళీగా కనిపిస్తోంది.

సాయంత్రం హీరాలాల్ వచ్చాడు. తొర్రూరులో సారు దగ్గర చదువుకున్న పిల్లవాడు, నర్సింహులపేట దగ్గరి తండా. ఇప్పుడు జనగామ కాలేజీలో సారు చెప్పిన సబ్జెక్టే చెబుతున్నాడు. సారు పుస్తకం అతనే టైపు చేయిస్తున్నాడు. గురుత్వాకర్షణ మీద మన దేశంలో ఎవరెవరు ఏమేం కనిపెట్టారో, తెలుగు మీడియం పిల్లలకు తెలిసేటట్టు సారు రాస్తున్న పుస్తకం.

"అమ్మా, ఏడు పాఠాలు టైపయినయి. ఇంక రెండు ఉండె గదా, సారు రాసిపెట్టిన్రా ఏమన్న?"

"లేదు నాయినా. అవి నోటితోనే చెప్పేటోళ్లు."

"సెప్టెంబరు పద్నాలుగుకు పదేండ్లయితదమ్మా, ఆ గురుత్వాకర్షణ అల మొదటిసారి దొరికి. గా దినమే జనగామల పుస్తకం బయట పెట్టాలని సారే అన్నరు. రెండు పాఠాలు లేకుంట ఎట్ల ఏస్తం?"

సారు మా ఇద్దరి వైపూ చూస్తున్నారు. ఎడమ కంటి కొసన తడి ఉంది. అది జబ్బు వల్ల కూడా వస్తుందని డాక్టరు గారు చెప్పారు.

"మీరు చెప్పున్రి, నేను రాస్త" అన్నాను. "రాయనా?"

"సరే" అన్నారు సారు.

జూన్ 15, ఆదివారం

సారు రాసిన పాఠాలు మొదటి నుంచి పైకి చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

నేను చదివింది పదో తరగతి. అయినా ఈ పుస్తకం నాకు కొత్త కాదు. ఏ పాఠమైనా రాసే ముందు నాకు చెప్పేవారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవారు. నాకు తెలిస్తే పిల్లలకూ తెలుస్తుందని ఆయన లెక్క. పిల్లలు లేని ఇంట్లో పాఠం వినడానికి నేనే ఉన్నాను.

కలకత్తాలో దత్ అనే ఆయన 1938లో, ఒక పెద్ద ధూళి ముద్ద తన బరువుకు తానే లోపలికి కూలిపోతే ఏమవుతుందో లెక్క వేశాడట. చిన్న వయసులోనే పోయాడట. మరుసటి ఏడు అలాంటి లెక్కే వేసిన అమెరికా వాళ్లకు పేరొచ్చింది. రాయ్‌చౌధురి గారికి ఉద్యోగంలో ఇచ్చిన పని వేరు, మనసు పెట్టిన పని వేరు. ఆ రెండో పనికే ప్రపంచమంతా ఆయన పేరు పెట్టింది. గుజరాత్ వైద్య గారు భార్యనూ పసిబిడ్డనూ వెంటబెట్టుకుని కాశీకి పోయి, నార్లీకర్ గారి దగ్గర చేరి, వెలుగు చిమ్మే నక్షత్రం చుట్టూ గురుత్వం ఎలా ఉంటుందో తేల్చారు.

ఆ పాఠం చెప్పిన రోజు నేను అడిగాను, "ఆమె ఏం చేసింది కాశీల?"

"ఎవలు?"

"ఆయన పెండ్లాం."

"గది ఎవలూ రాయలేదే" అన్నారు.

ఏడో పాఠం బెంగళూరు విశ్వేశ్వర గారిది. కృష్ణబిలాన్ని కదిలిస్తే గంట కొట్టినట్టు కాసేపు కంపించి సద్దుమణుగుతుందని లెక్కతో చెప్పింది ఆయన. గంట అనగానే నాకు గుడి గుర్తొచ్చిందన్నాను. "నీకు అన్నిట్ల గుడే" అన్నారు సారు. కోపంగా కాదు.

జూన్ 20

ఈ రోజు సారు అర పేజీ చెప్పారు.

జూన్ 24, మంగళవారం

చెప్పడమంటే ఇలా. ఎనిమిదో పాఠంలో ఏమేం రావాలో నాకు గుర్తున్నంత ముందు పైకి అంటాను. "ఇట్ల రాయనా?" అని అడుగుతాను. ఆయన "సరే" అంటారు. రాసి చదివి వినిపిస్తాను. "సరేనా?" "ఆ." అప్పుడు తర్వాతి మాట.

వద్దు అనాల్సిన చోట కూడా సరే అనే వస్తుందేమో అని ఒకసారి అనిపించింది. అలా అయితే నాకు ముఖంలో తెలియదా? ముప్పై ఏళ్లుగా చూస్తున్న ముఖం.

ఈ పాఠం పుణె, బెంగళూరు వాళ్లది. దూరాన రెండు కృష్ణబిలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఆ కదలిక ఇక్కడికి వచ్చేసరికి ఏమీ మిగలదు. రొదలో కలిసిపోతుంది. అందుకని అది వస్తే ఏ ఆకారంలో వస్తుందో ముందే లెక్క కట్టి పెట్టుకోవాలి. రొదలో ఆ ఆకారాన్ని వెతకాలి. ఆ లెక్కలు కట్టిన వాళ్లలో మనవాళ్లు ముందున్నారు. సారు చెప్పిన తీరు నాకు బాగా గుర్తు. "తొర్రూరు అంగట్ల అంత లొల్లి ఉంటది. నేను దగ్గితే నువ్వు గుర్తుపడ్తవా, పట్టవా?"

"పడ్త."

"ఎట్ల? నీ చెవులల్ల నా దగ్గు ముందుగాలనే ఉన్నది గనుక."

ఇదే రాశాను. ఒక్క చోట వినబడితే నమ్మరని కూడా రాశాను. పక్కన లారీ పోయినా వినబడినట్టే ఉంటుంది. అమెరికాలో రెండు యంత్రాలు ఒకదానికొకటి మూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే ఆకారం వస్తేనే వచ్చిందంటారు.

"సరేనా?"

"సరే."

ఈ రోజు ఒకటిన్నర పేజీ చెప్పారు. రోజురోజుకు నయమవుతోంది.

జులై 6, తొలి ఏకాదశి

భూపాలపల్లి నుంచి ముత్యం వదిన వచ్చింది, సారు అక్క. వస్తూ వస్తూ పేలపిండి దంచి తెచ్చింది. బ్యాగు దించకముందే మొదలుపెట్టింది.

"ఏమే మంజులా, నా తమ్ముని కన్న నువ్వే సన్నగైనవ్. ఆయనకు పెట్టేది నువ్వు గూడ ఇంత తినరాదే?"

"ఉపవాసం ఉన్న వదినా ఇయ్యాల."

"నీకెప్పుడు లేదు ఉపవాసం!" తర్వాత సారు మంచం పక్కన కూర్చుని, "ఏమయా కట్టయ్యా, బడి పంతులు మాట్లాడకపోతే మాకేం బాగుంటది? తిట్టు, జర తిట్టన్న తిట్టు" అంది.

"సరే" అన్నారు సారు. వదిన నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాళ్ల ఇంట్లో బొగ్గు గనుల పేలుళ్లకు అల్మరలో గ్లాసులు మోగుతాయని చెబుతుంటే నాకు తొమ్మిదో పాఠం గుర్తొచ్చింది. ఆ అలలను పట్టే మన యంత్రం మహారాష్ట్రలో హింగోలి జిల్లాలో, ఔంఢా దగ్గర కడుతున్నారు. నాలుగు కిలోమీటర్ల గొట్టాలు రెండు, అడ్డం ఒకటి నిలువు ఒకటి. అక్కడ నేల కదలకుండా ఉండాలి. నిరుడు వానలకు కేసముద్రం దగ్గర పట్టాలు కొట్టుకుపోయి కొన్ని రోజులు రైళ్లు ఆగిపోయినప్పుడు పట్టాల పక్కనున్న మా ఇంట్లో గిన్నెలు చప్పుడు చేయడం మానేశాయి. సారు నన్ను వంటింట్లో నిలబెట్టి, "ఇను. ఆళ్లకు గావలసింది గిదే" అన్నారు. ఇద్దరం ఏమీ వినకుండా నిలబడ్డాం.

ఔంఢా అంటే నాకు నాగనాథుడు. అక్కడిది జ్యోతిర్లింగమంటారు. ఒక్క ప్రయాణంలోనే ఎప్పటికైనా పోదామని అనుకున్నాం, ఆయన గొట్టాలు చూడడానికి, నేను స్వామిని చూడడానికి. "నువ్వు లోపలికి పో, నేను బయట చెప్పులు చూస్త" అన్నారు.

సాయంత్రం దీపం పెట్టి విభూతి పట్టుకుని వచ్చాను. ఏమనుకున్నానో నాకే తెలియదు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లో అడిగి, ఎప్పుడో మానేశాను. మళ్లీ అడిగాను.

"పెట్టనా?"

"సరే" అన్నారు.

నేను విభూతి పొట్లం విప్పాను. వదిన గుమ్మంలోంచి అంది, "వారీ, కట్టయ్య బొట్టు పెట్టిచ్చుకుంటడా! మా అవ్వ పోయిన్నాడు గూడ పెట్టుకోలే గదనే!"

పెట్టాను. మూడు గీతలు వంకరగా వచ్చాయి.

జులై 7

మళ్లీ అడిగాను. సరే అన్నారు.

జులై 13, ఆదివారం

కురవి వీరభద్రస్వామి దగ్గరికి ఆటోలో తీసుకుపోయాను. వెళ్దామా అంటే సరే అన్నారు. లోపలికి పోదామా అంటే సరే అన్నారు. ఆటో డ్రైవరు, నేను చెరో పక్క పట్టుకున్నాం. గుడిలో ఎవరో సారును గుర్తుపట్టి, "కట్టయ్య సారేనా? గుళ్లెనా?" అని పక్కవాళ్లతో అనడం వినబడింది. నేను తల తిప్పలేదు. హారతి కళ్లకు అద్దాను.

స్వామీ, మాట తీసుకుని మనసిచ్చావు. నేను అడిగిన తీరు ఇది కాదు. అయినా నీ ఇష్టం.

జులై 19

ఎనిమిదో పాఠం పూర్తయింది. హీరాలాల్ వచ్చి తీసుకుపోయాడు. రాత్రి అన్నాలవేళకు ఫోన్ చేశాడు.

"అమ్మా, సారు ఇంత అల్కగ, తేటగ ఎన్నడూ రాయలేదు. దగ్గు ముచ్చట చదివి మా ఆమె గూడ నవ్వింది. నిజంగ సారే చెప్పిన్రా?"

"ఆయన కాకపోతే ఎవరు చెప్తరు నాయినా."

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

సారును పీట దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. తోరం కడతానంటే సరే అన్నారు. ఎడమ చేతికి కట్టాను. పూజ అవుతున్నంతసేపూ ఆ చేతి వేళ్లతో తోరాన్ని కుర్చీ చేతికి రాస్తూ ఉన్నారు. పసుపు దారం కొత్తది కదా, దురద పెట్టి ఉంటుంది.

మధ్యాహ్నం తొమ్మిదో పాఠం చివరి పేజీ. కొన్నేళ్లు కాగితాల మీదే ఉన్న పని, 2023లో డబ్బు మంజూరై కదిలిందని రాశాను. తర్వాత మనసుకు తోచింది అడిగాను. "నాగనాథుడి దయ వల్లనే ఆ మహాయంత్రం ఆయన పాదాల దగ్గరికి వచ్చిందని రాయనా?"

ఇది అడగకూడదేమో అనిపించింది. అందుకే రెండుసార్లు అడిగాను.

రెండుసార్లూ సరే అన్నారు.

ఆగస్టు 12

హీరాలాల్ ఫోన్. "అమ్మా, ఆఖరు పేజీల నాగనాథుడి ముచ్చట... అది సారు చెప్పిందేనా?"

"చెప్పిన్రు."

"నేను ఆదివారం వచ్చి మల్ల చూస్త. సోమవారం దవాఖానకు నేను గూడ వస్త" అన్నాడు.

మనిషి మారకూడదా? అంత చదువుకున్న పిల్లవాడికి ఇది ఎందుకు మింగుడుపడదు?

ఆగస్టు 18, సోమవారం

మానుకోట దవాఖానకు ఈ నెల నుంచి వారానికోసారి మాట నేర్పే మేడం వస్తోంది. అనిత ఆమె పేరు, చిన్న పిల్ల. సారు రోజూ పేజీలు చెబుతున్నారని నేనే సంతోషంగా చెప్పాను. ఆమె సారు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"సార్, మీ పేరు కట్టయ్యనేనా?"

"సరే."

"మీ పేరు హీరాలాలా?"

"సరే."

హీరాలాల్ నవ్వలేదు. నేలకేసి చూశాడు.

"మనం ఇప్పుడు రైల్ల పోతున్నమా?"

"ఆ."

"మంజులమ్మ మీకు చెల్లె అయితదా?"

"సరే" అన్నారు సారు, అదే గొంతుతో. నాకు పాఠం చెప్పిన గొంతుతో.

అనిత నా వైపు తిరిగింది. "అమ్మా, పరేషాన్ కాకున్రి. మనం అనేది సారుకు చానమట్టుకు తెలుస్తది. నోటికెంచి వచ్చేది మాత్రం ఆయన వశంల లేదు. సరే అన్నది జవాబు కాదమ్మా. ఊపిరి లెక్క అదే వస్తది."

తర్వాత ఒక పెన్ను, ఒక దువ్వెన సారు ముందు పెట్టింది. తల దువ్వుకునేది ముట్టుకోమంది. ఎడమ చెయ్యి దువ్వెన మీదికి పోయింది. అటుది ఇటు మార్చి మళ్లీ అడిగింది. మళ్లీ దువ్వెన మీదికే. "చూసిన్రా? ఈ చెయ్యిని అడగాలె. నోటిని కాదు."

నేను చేతిని చూడలేదు. ఆయన నుదుటి మీద పొద్దున నేను పెట్టిన మూడు గీతలు చూస్తున్నాను.

ఆగస్టు 19

బీపీ రాయలేదు.

ఆగస్టు 20

ఆ అమ్మాయి చిన్నది. ఒక్క పూట చూసి ఏం తెలుస్తుంది? దవాఖానలో కొత్త మనుషుల మధ్య సారు బెదిరి ఉంటారు. ఇంట్లో వేరు.

ఆగస్టు 21

ఇంట్లో అడిగాను. "నేను రాసిన రెండు పాఠాలు బాగలేవు, చింపేయనా?"

"సరే."

"చింపకుండ ఉంచనా?"

"సరే."

"మనం ఔంఢా పోయి వచ్చినమా?"

"ఆ."

వంటింట్లోకి వచ్చి కూర్చున్నాను. రైలు పోయింది, గిన్నెలు మోగాయి.

ఆగస్టు 22, శుక్రవారం

విభూతి పెట్టలేదు. అడగలేదు కూడా. తోరం మురికై చేతికి బిగుసుకుని ఉంటే కత్తెరతో తీశాను. దాని కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. చాలాసార్లు గీరుకున్నారు. అంతా నా కళ్ల ముందే.

ఆగస్టు 27, వినాయక చవితి

వాన విడవడం లేదు. పూజ నా ఒక్కదానికి చేసుకున్నాను. సారు మంచం అటు తిప్పి ఉంది, కిటికీ వైపు.

ఎవరిని మోసం చేశాను? పుస్తకాన్నా, సారునా, స్వామినా? నేను అబద్ధం ఆడలేదు. ఆయన అన్నదే రాశాను. ఇదే మాట పొద్దుటి నుంచి అనుకుంటున్నాను, ఎన్నిసార్లు అనుకున్నా అది కుదురుగా కూర్చోవడం లేదు.

నేను అడిగినవి నాకు కావాల్సినవే.

సెప్టెంబరు 2

హీరాలాల్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆ రెండు పాఠాలు సారు చెప్పలేదు, నేను రాశాను, తీసేయి, ఏడు పాఠాలతోనే వేయి అన్నాను.

"నాకు ఎప్పుడో తెలుసమ్మా" అన్నాడు.

"మరి ఎందుకు ఊకున్నవ్ నాయినా?"

"దగ్గు ముచ్చట సారుదే. క్లాసుల మాకు గూడ గదే చెప్పిన్రు, అంగడి, లొల్లి... కాకపోతే మాకు దగ్గు కాదు, దూడ అరుపు." కాస్త ఆగి, "నేను తీసేస్త అంటే తీసేసినట్టు కాదు. మీరు రాస్త అంటే రాసినట్టు కాదు. సారును అడగాలె. చెయ్యిని" అన్నాడు.

సెప్టెంబరు 5, శుక్రవారం

గురువుల రోజని హీరాలాల్ పూలదండ పట్టుకుని వచ్చాడు. సారు మెడలో వేయబోయి ఆగి, ఎడమ చేతికి అందించాడు. సారు దాన్ని మంచం మీద పెట్టుకున్నారు.

సారును కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ఎడమ పక్కన ఒక స్టూలు, ఒక బకెట్టు పెట్టాం. పుస్తకంలోకి పోయేది స్టూలు మీద, వద్దన్నది బకెట్టులో. హీరాలాల్ మూడుసార్లు విప్పి చెప్పాడు. ముందు సారు రాసిన రాయ్‌చౌధురి పాఠం పేజీ ఒకటి చదివి చేతికిచ్చాను. స్టూలు మీద పెట్టారు. తర్వాత చీరల దుకాణం వాళ్లు గేటులో పడేసి పోయిన కాగితం అంతే శ్రద్ధగా చదివి ఇచ్చాను, పట్టుచీరల మీద పెద్ద తగ్గింపు అని. సారు దాన్ని చూశారు, నన్ను చూశారు. బకెట్టులో వేశారు.

"అబ్బా, సార్!" అన్నాడు హీరాలాల్. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అటుది ఇటు మార్చి ఇంకో రెండు కాగితాలతో మళ్లీ చూశాం. తప్పలేదు.

అప్పుడు నా పేజీలు. నీళ్లు తాగి మొదలుపెట్టాను. మొదటి పేజీ పట్టుకుని చాలాసేపు ఉన్నారు. స్టూలు. దగ్గు పేజీ స్టూలు. ఆ తర్వాతి పేజీలో, ఆకాశంలోంచి వచ్చే ఆ చిన్న శబ్దం అని రాశాను. అది చదవగానే చెయ్యి కాగితాన్ని లాక్కుంది. బకెట్టు.

"ఎందుకు?" అన్నాను బెంగగా.

హీరాలాల్ వంగి చదివాడు. "అమ్మా, ఇది తప్పే! అల శబ్దం కాదు. జాగానే సాగి ముడుసుకుంటది. మనం వినాలని దాన్ని శబ్దం లెక్క మారుస్తరు, గంతే. సారు క్లాసుల దీనికే మొత్తుకునేటోళ్లు. నేను గూడ టైపు చేయించుకుంట చూడలే!"

సారు "ఆ, ఆ, సరే, సరే" అంటున్నారు. ముఖం ఎర్రబడింది. ఆ ముఖం నాకు తెలుసు. తప్పు లెక్క చేసిన పిల్లవాడి ముందు నిలబడ్డ ముఖం. ఎండాకాలం నుంచి చూడలేదు. చూడలేదని కూడా ఇన్నాళ్లు నాకు తెలియలేదు.

ఆ పేజీ అక్కడికక్కడే సరిదిద్ది మళ్లీ చదివాం. స్టూలు.

తొమ్మిదో పాఠంలో పట్టాలు కొట్టుకుపోయిన పేజీ స్టూలు మీదికి పోయింది. చివరగా నాగనాథుడి పేజీ. ఒక్క అక్షరం మింగకుండా చదివాను. సారు నా వైపు చూశారు. కోపం లేదు. బకెట్టులో వేశారు. వేసి, మళ్లీ వంగి చేత్తో అడుగుకు నొక్కారు.

హీరాలాల్ బయటికి పోయి ఫోన్ మాట్లాడుతున్నట్టు నిలబడ్డాడు.

నేను దేవుడి గూట్లోంచి విభూతి పొట్లం తెచ్చాను. ఏమీ అడగలేదు. ఆయన ఎడమ చేతిలో పెట్టాను.

"సరే" అన్నారు. పొట్లం బకెట్టులో పడింది.

వంగి తీసుకున్నాను. కళ్లకద్దుకుని, స్వామికి క్షమాపణ చెప్పుకుని, నా నుదుటికి నేను పెట్టుకున్నాను. ఏడుపు వచ్చింది. అది దుఃఖం కాదు. ఇన్నేళ్లు వద్దన్న మనిషి వద్దన్నారు. మొత్తంగా ఇక్కడే ఉన్నారు. ఆయన వద్దన్నందుకు స్వామికి దండం పెట్టుకోవడం నా జన్మలో ఇదే మొదటిసారి.

సెప్టెంబరు 6

చివరి రెండు పాఠాలు నా పేరు మీద వేస్తానని హీరాలాల్. వద్దన్నాను. లేకపోతే పుస్తకం అబద్ధమవుతుందన్నాడు. సారు పేరు ఒక్కటే ఉన్న కాగితం, ఇద్దరి పేర్లూ ఉన్న కాగితం రెండూ చదివి సారు ముందు పెట్టాడు. అటుది ఇటు మార్చి కూడా పెట్టాడు.

ఇద్దరి పేర్లూ వస్తాయి. ఎనిమిదో పాఠం ముందు వేయమని నేను నాలుగు మాటలు రాసిచ్చాను. "ఈ రెండు పాఠాలు సారు నాకు ఇంట్లో చెప్పినవి. రాసింది నేను. ప్రతి పేజీ ఆయన చేతి మీదుగా పోయింది. అయినా తప్పులుంటే నావి. మంజుల."

సెప్టెంబరు 8, సోమవారం

నిన్న సంపూర్ణ చంద్రగ్రహణం. మధ్యాహ్నానికే గుడి మూసేశారు. పచ్చడి జాడీ మీద, నీళ్ల బిందె మీద గరిక వేశాను. భూపాలపల్లి నుంచి వదిన ఫోన్. "ఏమే, పొద్దుగూకినంక తమ్మునికి ఏం పెట్టకు, విడిచినంకనే పెట్టు. అసలే పానం బాగలేనోడు."

జబ్బు మనిషికి పట్టింపు లేదని పంతులు గారు చెప్పనే చెప్పారు. అది కాదు నా తండ్లాట. గ్రహణం వచ్చిన ప్రతిసారీ సారు గల్లీ పిల్లలను మిద్దె మీదికి పిలిచి, పల్లీలు పంచి, వాళ్ల ముందే తినేవారు. భూమి నీడ అంతే, మీ నోట్లోకి రాదు అని చెప్పేవారు. నేను కింద తలుపు వేసుకుని జపం చేసుకునేదాన్ని. ఎవరి పని వాళ్లది.

దీపాలు పెట్టే వేళకు జొన్నరొట్టె, బీరకాయ కూర పళ్లెంలో పెట్టి మంచం పక్కన స్టూలు మీద ఉంచాను. నేను నేల మీద చాప వేసుకుని కూర్చున్నాను.

"గ్రహణం విడిచినంక తింటరా?" అని అడిగాను. ఎందుకు అడిగానో. అలవాటు పోలేదు.

"సరే" అన్నారు సారు. ఎడమ చెయ్యి అప్పటికే రొట్టె విరుస్తోంది.

నేను పళ్లెం ఆయనకు దగ్గరగా జరిపాను. మెల్లగా తిన్నారు. కూర కొంత బనియన్ మీద పడింది, తుడిచాను. సగం అయ్యాక ఇంకో ముక్క విరిచి, దానికి కూర అద్ది, నా వైపు చాపారు. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఆయనకు తెలుసు.

"సరే" అన్నారు. "సరే, సరే."

"నాకు వద్దు" అన్నాను.

చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంది. తర్వాత ఆ ముక్క ఆయనే తినేశారు.